పదహారు మీద పది

బక్రీద్ మూడో రోజు. నందికొండ హిల్ కాలనీలో ఆపా వాళ్ల క్వార్టర్. జొహర్ చదువుకుని వచ్చేసరికి బావర్చీఖానాలో గిన్నెలు దడదడమంటున్నాయి. ఆపాకు గుస్సా వస్తే నోరు తెరవదు, గిన్నెలే మాట్లాడతాయి. చిట్టీ ఎత్తి భాంజీ నికాకని దాచిన పైసల్లో రెండు లక్షలు లేవు. భాంజా ఫోన్లో ఆడి పోగొట్టాడు.

"జువా నై మామూ, హిసాబ్ హై," అన్నాడు వాడు, నా మొహం చూడకుండా.

హైదరాబాద్‌లో నౌకరీ వాడిది. దోస్తులతో గోవా పోయి మాండోవీ నదిలో నిలబెట్టిన కేసినో పడవ ఎక్కాడు. ఆ రాత్రి ఎనిమిది వేలు గెలిచాడు. ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేది!

మనవైపు మూడుముక్కలూ అందర్ బాహరూ తెలుసుగానీ బ్లాక్‌జాక్ చాలామందికి తెలియదు. మన ముక్కల లెక్క 21 దాటకూడదు, పంచేవాడి లెక్కను మించాలి. బొమ్మ ముక్కలన్నీ పదే. ఎక్కా ఒకటీ కావచ్చు, పదకొండూ కావచ్చు. పంచేవాడి ముక్క ఒక్కటే మనకు కనబడుతుంది. దాన్ని చూసి ఇంకోటి అడగాలా, ఆగాలా తేల్చుకోవాలి.

వాడు ఫోన్లో ఒక చార్టు చూపాడు. 1956లో అమెరికా ఫౌజులోని నలుగురు చేతి లెక్కల మిషన్లతో తేల్చిన హిసాబ్ దానికి మూలం. అఖ్బార్ వాణ్ణి కదా, చూడకుండా తీర్పు చెప్పలేను. రాత్రి అందరూ పడుకున్నాక పత్తాల కట్ట, నూరు శనగలు ముందేసుకుని కూర్చున్నాను.

చార్టు అబద్ధం కాదు. ఎక్కా లేకుండా 17 గానీ ఆపైన గానీ వస్తే ఆగాలి. 13 నుంచి 16 వరకు ఉంటే పంచేవాడి ముక్క చూడాలి. 2 నుంచి 6 అయితే ఆగాలి, 7 గానీ ఆపైన గానీ అయితే ఇంకోటి అడగాలి. ఎందుకంటే 17 వచ్చేదాకా వాడు ముక్కలు తీయక తప్పదు. 5, 6 కనబడినప్పుడు నూటికి నలభైసార్లకు పైనే వాడే 21 దాటి పోతాడు. రెండు ఎక్కాలొచ్చినా, రెండు ఎనిమిదులొచ్చినా విడదీసి ఆడాలి. పంచేవాడికి ఎక్కా కనబడితే బీమా కడతావా అని అడుగుతారు, నక్కో అనాలి. కింది ముక్క పది అయితే ఒకటికి రెండిస్తారు. కట్టలో మిగిలిన 51 ముక్కల్లో 17 పదులుంటే బరాబర్. ఉన్నవి 16.

ఇక మన చేతిలో 16, అవతల 10. అడిగినా ఆగినా నూటికి డెబ్బై అయిదుసార్లు ఓటమే. చార్టు అడగమంటుంది, అంతే. గెలిపిస్తానని ఎక్కడా అనదు. అంతా సరిగ్గా ఆడితే, మంచి రూల్స్ ఉన్న బల్ల మీద నూరు రూపాయల పందేనికి సగటున అర్ధ రూపాయి పోతుంది.

పొద్దున నాష్తా దగ్గర అడిగాను. "మరి రెండు లక్షలు ఎట్ల పోయినయ్‌రా?"

పందెం 500. బల్ల దగ్గర గంటకు అరవై ఆటలు, అంటే ముప్పై వేల పందెం, సగటు నష్టం 150. ఫోన్లో నొక్కుతూ పోతే మూడొందల ఆటలు, 750. ఇదైనా చార్టు ప్రకారం ఆడితేనే. వీడు ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేశాడు. 500, 1000, 2000... ఏడు వరస ఓటములకు 63,500. ఎనిమిదోసారి 64,000 పెట్టాలి. గెలిస్తే మిగిలేది 500. పేపర్ మీద రాసి చూపిస్తే తినే రోటీ ఆపేశాడు. ఆ హిసాబ్ వాడు ఎన్నడూ చేయలేదు. పందేనికి ఒకే మొత్తం, పక్కన పెట్టిన పైసల్లో నూటికి ఒకటి, అవి అయిపోతే లేవడం... ఇవీ అదే చార్టు కిందే రాసున్నాయి.

"సుప్రీంకోర్టే హునర్ అన్నది మామూ," అన్నాడు మళ్లీ. అన్నది రమ్మీ గురించి. సికింద్రాబాద్ క్రెసెంట్ క్లబ్ కేసులో, 1967లో, సాగర్ కాలువలకు నీళ్లొదిలిన ఏడాదే. మూడుముక్కలది ఒట్టి కిస్మత్ అని అదే తీర్పు చెప్పింది. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే బంద్ చేసింది. 2025లో దేశమంతటికీ కానూన్ వచ్చింది. వీడి ఫోన్లోది బయటి ముల్కుది.

మౌల్వీసాబ్ లాగా హరామ్ అని ఒక్క మాటతో తేల్చేయొచ్చు. కానీ సూరె బఖరా 219వ ఆయతులో జువాలో ఫాయిదా లేదని లేదు. ఉంది, గునా అంతకంటే పెద్దది అని ఉంది. ఆ ఎనిమిది వేల ఫాయిదా వాడు కళ్లారా చూశాడు. నికా రబీఉల్ అవ్వల్ నుంచి షాబాన్‌కు జరిగింది. వాడు నెలకు ఇరవై అయిదు వేలు ఆపా చేతిలో పెట్టాలి, ఎనిమిది నెలలు.

రాత్రి సంగతి వాడికి చెప్పలేదు. రెండు గంటలకు నా శనగలు అరవై రెండుకు దిగాయి. డెబ్బై అయితే లేస్తాననుకున్నాను. డెబ్బై ఒకటి అయ్యాయి, లేవలేదు. తహజ్జుద్‌కు లేచిన ఆపా దర్వాజా దగ్గర నిలబడి చూస్తోంది.

"తూ బీ క్యా రే?"

శనగలన్నీ కొంగులోకి ఊడ్చుకుని వజూకు పోయింది.