అచ్చుతప్పు ఎవరి ఖాతాలో?



ఉగాది సంచికకు రచనలు ఎంతవరకు వచ్చాయని చాలామంది అడుగుతున్నారు. ఆ లెక్క చివర్లో చెబుతాం. ముందు ఒక కీబోర్డు సంగతి చెప్పాలి. కాస్త పొడుగు పోస్టు, కాఫీ పక్కన పెట్టుకుని చదవండి. ఇంట్లో కంప్యూటర్ వాడే పెద్దవాళ్ళున్నవాళ్ళు మాత్రం తప్పకుండా చదవండి.

పెరంబూరులో ఉండే మన టీచరుగారు మీ అందరికీ తెలిసినవారే. పేరు రాయొద్దన్నారు, రాయం. వయసు 82. ఉత్తర చెన్నైలో తెలుగు మాధ్యమం పిల్లలకు ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పారు. మన సంఘంలో కనీసం అరడజను మందికి గుణింతాలు వచ్చింది ఆవిడ చేతి చలవే. ఏటా సంచికకు మొదట వచ్చే రచన కూడా ఆవిడదే. మణికట్టు విరిగి అతికినప్పటి నుంచి కలం ఎక్కువసేపు పట్టుకోలేరు. మనవరాలు దగ్గర కూర్చుని టైపింగ్ నేర్పింది. టీవీనే తెరగా పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, పడక్కుర్చీలో వైర్లెస్ కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని రాసుకుంటారు. అంటే ఆవిడకు వైర్లెస్ అనేది సోకు కోసం కాదు, అవసరం.

ఈసారి ఫోన్ చేస్తే, "నన్ను వదిలేయండి నాయనా. ఒత్తులు మరిచిపోతున్నాను. ఇక నా చేత కాదు" అన్నారు. ఆ రాత్రే వాళ్ళమ్మాయి విడిగా ఫోన్ చేశారు. అమ్మకు మతిమరుపు మొదలైందేమో, డాక్టరుకు చూపిద్దామనుకుంటున్నాం అన్నారు. రాసినవి రెండు పేజీలు పంపారు. చూస్తే మాకూ గుండె జారింది. "అమమ", "నాననగారు", "చెననపటనం". నలభై ఏళ్ళనాడు మా పలకల మీద ఒత్తు పెట్టకపోతే వేలి మీద స్కేలుతో కొట్టిన మనిషి రాసిన రాత అది.

డాక్టరు దగ్గరికి వెళ్ళడం మంచిదే, వెళ్ళండి అన్నాం. కానీ ముందు ఒక సాయంత్రం మాకివ్వండి, కీబోర్డు చూస్తాం అన్నాం. కంప్యూటర్లతో కాస్త పరిచయం ఉన్నవాళ్ళం ముగ్గురం బయలుదేరాం.

ఇక్కడ ఒక్క మాట వివరంగా చెప్పుకోవాలి. టీచరుగారు వాడేది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. 1991లో భారత ప్రమాణాల సంస్థ భారతీయ లిపుల కోసం ఇచ్చిన ప్రమాణంలోనూ ఈ అమరికే ఉంది. అందులో హల్లుకు హల్లు జోడించాలంటే మధ్యలో పొల్లు కొట్టాలి. ఆ పొల్లు ఇంగ్లీషు డి కీ మీద ఉంటుంది. "అమ్మ" అని రావాలంటే అ, మ, పొల్లు, మ అని నాలుగు సార్లు నొక్కాలి. తమిళం టైపు చేసేవాళ్ళకు వాళ్ళ పుళ్ళి కూడా సరిగ్గా అదే కీ మీద ఉంటుంది. మన ఊళ్ళో రెండు భాషలూ ఒకే వేలితో నడుస్తాయన్నమాట.

ఇప్పుడు ఆ ఒక్క నొక్కు పోతే ఏమవుతుందో చూడండి. "తెలుగు" అన్న మాటకు ఏమీ కాదు, అందులో ఒత్తు లేదు. అమ్మ, నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు, అత్త, పిన్ని అందరూ పోతారు. తాత, మామ, బావ, బాబాయి మాత్రం క్షేమంగా మిగులుతారు. నవ్వకండి, టీచరుగారి పేజీల్లో సరిగ్గా అదే జరిగింది. మిగతా అక్షరాలూ అక్కడక్కడా పోతున్నాయి. కానీ "పుస్తకం"లో క ఎగిరిపోతే చేయి జారిందనుకుంటాం. ఒత్తు ఎగిరిపోతే రాయడం రాదనుకుంటాం. ఆవిడా తన గురించి అదే అనుకున్నారు.

ఇక వెతుకులాట. మొదట సులువైనవి చూశాం. ఇంగ్లీషుకు మార్చి డి కీ ఇరవై సార్లు నొక్కితే ఇరవైకి ఇరవై పడ్డాయి. కీ కింద మురుకు ముక్కలేమీ లేవు. తరువాత విండోస్‌లో ఫిల్టర్ కీస్ అనే సదుపాయం చూశాం. కుడివైపు షిఫ్ట్ కీని ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే ఇది మొదలవుతుంది, తేలిగ్గా తగిలిన నొక్కుల్ని లెక్కలోకి తీసుకోదు. ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలకు షిఫ్ట్ పట్టుకుని వెతుక్కునే పెద్దవాళ్ళకు తెలియకుండానే ఇది పడిపోయే అవకాశం ఉంది. ఇక్కడ పడలేదు.

బ్యాటరీలు తీసి చూశాం. ఒకటి కొత్తది, ఒకటి పాతది కలిపి వేసి ఉన్నాయి. రెండూ కొత్తవి వేశాం. స్ప్రింగుల దగ్గర తెల్లటి పొడి గానీ తుప్పు గానీ లేదు. తిరువాన్మియూరు, రాయపురం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళవాళ్ళు ఇది ముఖ్యంగా చూసుకోవాలి. మామూలు ఆల్కలైన్ బ్యాటరీ కారితే వచ్చే పొడిని వట్టి వేళ్ళతో తాకకూడదు. దూది పుల్లకు ఒక చుక్క నిమ్మరసం గానీ వెనిగర్ గానీ అద్ది తుడిచి, బాగా ఆరాకే కొత్త బ్యాటరీలు వేయాలి.

బ్యాటరీలు మార్చాక టీచరుగారిని ఒక పేరా కొట్టమన్నాం. మళ్ళీ అదే. పది వరుసల్లో 19 చోట్ల అక్షరాలు లేవు. ఆవిడ మా మొహాలు చూసి, "చెప్పాను కదా" అన్నారు. ఒక చోట అయితే మ అనే అక్షరం తనంతట తాను వరసగా తొమ్మిది సార్లు పడింది. అప్పుడు మాకు ధైర్యం వచ్చింది. మతిమరుపు మనిషి చేత అక్షరం వదిలేయించవచ్చు గానీ అర సెకనులో తొమ్మిది మలు కొట్టించలేదు కదా. కీ నొక్కినట్టు ఒక కబురు, వదిలినట్టు ఇంకో కబురు కీబోర్డు నుంచి వెళ్తాయి. వదిలిన కబురు దారిలో పోతే, ఇంకా నొక్కే ఉన్నారనుకుని కంప్యూటర్ అదే అక్షరం కొడుతూ పోతుంది. కబుర్లు దారిలో పోతున్నాయని తేలింది.

అయినా రుజువు కావాలి. రుజువు మాకోసం కాదు, టీచరుగారి కోసం. రిచీ స్ట్రీట్‌లో కొన్న మామూలు వైరు కీబోర్డు ఒకటి, మూడు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ ఒకటి సంచిలో తెచ్చాం. అదే పడక్కుర్చీ, అదే పేరా, అదే సాయంత్రం. ఒక్క అక్షరం పోలేదు. పది వరుసల్లో తప్పుల్లేవు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని తెర మీద పేరా రెండుసార్లు చదువుకున్నారు. ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి మాకు జంతికలు పట్టుకొచ్చారు.

మరి దోషం ఎక్కడ? టీచరుగారే ఆధారం ఇచ్చారు. పొద్దున రాసింది బాగానే ఉంటుందట, సాయంత్రం రాసింది పాడవుతుందట. పొద్దుగూకేసరికి అలసిపోతుంది కాబోలనుకున్నారు ఇంటిల్లిపాదీ. మేము సీపీయూ వెనక్కి టార్చి వేసి చూశాం. వైర్లెస్ కీబోర్డు రిసీవర్, అదే గోరంత డాంగిల్, వెనకాల పోర్టులో ఉంది. దాన్ని ఆనుకుని పక్క పోర్టులో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. అల్లుడుగారు ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రం దాన్ని తగిలిస్తారు. ఫోన్లలోని ఫోటోలన్నీ అందులోకి కాపీ అవుతుంటాయి.

చాలా వైర్లెస్ కీబోర్డులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడతాయి. యూఎస్‌బీ 3.0 పరికరం జోరుగా పనిచేస్తున్నప్పుడు దాని పోర్టు, కేబుల్ చుట్టూ సరిగ్గా ఆ మేరలోనే రేడియో గోల పుడుతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీనిపై ఒక పత్రం వెలువరించింది. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు పక్కన నిలబడి ఫోన్‌లో మాట్లాడినట్టు ఉంటుంది రిసీవర్ పరిస్థితి. అరుచుకుంటే సగం వినబడుతుంది, సగం పోతుంది. ఇంట్లో వైఫై రౌటరు, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి గానీ ఇక్కడ అసలు కారణం ఆనుకుని ఉన్న హార్డ్ డిస్కే. అది తీసేసి కొట్టించాం, తప్పులు పోయాయి. తగిలించి కాపీ పెట్టాం, తప్పులు వచ్చాయి. మూడుసార్లు అలాగే చేసి చూశాం.

మందు ఏమిటంటే, మేము తీసుకెళ్ళిన ఆ మూడు మీటర్ల ఎక్స్‌టెన్షనే. దాని కొసకు రిసీవర్ పెట్టి, పడక్కుర్చీ పక్కనున్న స్టూలు దాకా లాగాం. హార్డ్ డిస్క్ దాని చోటే ఉంది, అల్లుడుగారి ఫోటోలు ఆగలేదు. అమ్మ అమ్మలాగే ఉంది.

ఇంటికి వస్తూ మేము మాట్లాడుకున్న మాట ఒకటుంది. తెలుగు అచ్చుకు ఈ ఊరు పుట్టిల్లు లాంటిది. బ్రౌన్ దొర నిఘంటువు 1852లో అచ్చయింది ఇక్కడే. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మొదలైంది ఇక్కడే. ఆ సీసపు అక్షరాల రోజుల్లో ఒత్తును విడిగా ఏరి పేర్చేవారు. ఏరేటప్పుడు ఒకటి జారిపోతే దానికో పేరుండేది, అచ్చుతప్పు అని. పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేసేవారు. చదివినవాళ్ళు రచయితకు తెలుగు రాదనుకునేవారు కాదు, ప్రెస్సువాళ్ళ పొరపాటనుకునేవారు. ఇప్పుడు రాసేవాళ్ళే అక్షరాలు పేర్చేవాళ్ళు కూడా. దాంతో ఎవరి తప్పయినా రాసినవాళ్ళ ఖాతాలోనే పడుతోంది. కుర్రవాళ్ళ అక్షరం పోతే కీబోర్డును తిట్టుకుంటారు. 82 ఏళ్ళ మనిషి అక్షరం పోతే ఇంట్లో అందరూ ఆ మనిషినే అనుమానిస్తారు, అందరికంటే ముందు ఆవిడే అనుమానించుకుంటారు. టీచరుగారు మూడు వారాలు రాయడం మానేశారు. ఇంకో మూడు వారాలు గడిచి ఉంటే ఆ కీబోర్డు అటక ఎక్కేది. ఈ ఊళ్ళో తెలుగు బడులు ఎలా నడిచాయో, ఏ వీధి పిల్లలు వచ్చేవారో గుర్తుపెట్టుకుని రాయగలవాళ్ళు మనలో ఎంతమంది మిగిలారో మీకు తెలుసు.

కాబట్టి మా మనవి ఇది. ఇంట్లో పెద్దవాళ్ళు రాసినదాంట్లో అక్షరాలు పోతుంటే, ముందు ఒక వైరు కీబోర్డు ఇచ్చి అదే పేరా మళ్ళీ కొట్టించండి. దాంతో బాగా వస్తే మనిషి బాగున్నట్టే, వెతకాల్సింది యంత్రంలో. అప్పుడు బ్యాటరీలు రెండూ ఒకేసారి మార్చండి, ఫిల్టర్ కీస్ చూడండి, రిసీవర్ పక్కన ఏముందో చూడండి, దాన్ని దూరం జరపండి. ఏ వేళప్పుడు తప్పులు వస్తున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి, సగం జవాబు అందులోనే దొరుకుతుంది. వైరు కీబోర్డుతో కూడా తప్పులు వస్తే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఆలస్యం చేయొద్దు. ఆ వైరు కీబోర్డు, ఎక్స్‌టెన్షన్ సంఘం ఆఫీసు బీరువాలో పెట్టాం. ఎవరికి కావాలన్నా పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళ్ళవచ్చు. మీరు రాలేకపోతే ఇక్కడ ఒక మాట పెట్టండి, ఆదివారం మేమే వస్తాం.

ఇక ఉగాది సంచిక లెక్క. నిన్నటికి 14 రచనలు వచ్చాయి. పద్నాలుగోది పెరంబూరు నుంచి, పదకొండు పేజీలు. ప్రూఫులు దిద్దడానికి ఇద్దరు కావాలి. టీచరుగారి పేజీల్లో మీకు పెద్దగా పని ఉండదు.