అసూర్యంపశ్యలు

సూర్యుణ్ణి సైతం చూడని ఆడవాళ్ళని మన కావ్యభాష 'అసూర్యంపశ్యలు' అంటుంది. వ్యాకరణం ఈ మాటకిచ్చే ఉదాహరణ రాజుగారి భార్యలు. అప్పట్లో అదో గొప్ప. మంగళగిరి గుంటమగ్గాల ఇళ్ళలో పెరిగిన నాకు మాత్రం ఈ మాట వింటే పొద్దస్తమానం చూరు కింద కండెలు చుట్టే మా మేనత్తలే గుర్తొస్తారు. వాళ్ళ రక్తపరీక్షలో ఆ గొప్పతనానికి ఇంకో పేరుంది: విటమిన్ డి లోపం.

తిరుపతిలో డాక్టర్ హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం చూడండి. పల్లెల్లో మగవాళ్ళలో 44 శాతానికి, ఆడవాళ్ళలో 70 శాతానికి ఈ లోపం ఉంది. పట్నంలో 62, 75. ఒకే ఊళ్ళో, ఒకే ఎండ కింద ఇంత తేడా! పొలానికెళ్ళినా నెత్తిన కొంగు, రవిక మీద పొడుగుచేతుల చొక్కా. ఎండ కూడా అందరికీ సమానంగా అందదు.

మూడేళ్ళ కిందట మా చిన్నత్తకి నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎడమ భుజం లాగుడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డి పరీక్ష చేసి, "ఇది తక్కువైతే గుండెకి మంచిది కాదమ్మా" అని వారానికోసారి 60,000 యూనిట్ల పొడి రాసిచ్చారు. బి.పి. చూడలేదు. ఇ.సి.జి. తియ్యలేదు. ఆర్నెల్లకి ఇంకోచోట చూపిస్తే తేలింది, ఆవిడకి ఎప్పట్నించో బి.పి. ఉందని.

ఆ డాక్టరు మాట గాల్లోంచి పుట్టింది కాదు. డి తక్కువున్నవాళ్ళలో గుండెజబ్బులు ఎక్కువని అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ పరిశోధన 2008లోనే చెప్పింది. అయితే, డి ఇస్తే గుండె బాగుపడుతుందా? జోఆన్ మాన్సన్ అనే వైద్యురాలి నాయకత్వంలో 25,871 మందితో అక్కడే ఇంకో పెద్ద పరిశోధన జరిగింది. సగం మందికి రోజుకి 2,000 యూనిట్లు, మిగతా సగానికి ఉత్తి మాత్ర, అయిదేళ్ళకి పైగా ఇచ్చారు. 2018లో ఫలితాలొచ్చాయి. గుండెపోటు గానీ పక్షవాతం గానీ తగ్గలేదు. మొదట్నించీ డి తక్కువున్నవాళ్ళలోనూ తేడా లేదు.

ఎముకలకి డి కావాలి, కాదనను. గుండె విషయంలో మాత్రం అది చాలావరకు ఆనవాలు. రోజంతా ఇంట్లో ఒకేచోట కూర్చునే బతుకు, పెరిగే బరువు, ఎవరూ పట్టించుకోని జబ్బు, ఇవన్నీ డినీ తగ్గిస్తాయి, గుండెనీ దెబ్బతీస్తాయి. ఆనవాలుకి మందేసి బతుకుని అలాగే వదిలేస్తే ఏం లాభం? ఆయాసమన్న ఆడమనిషికి ముందు బి.పి. పట్టీ కట్టాలి.

"కాసేపు ఎండలో కూర్చోమ్మా" అనడం తేలికే. కండెలు చుట్టినందుకు విడిగా కూలి లేదు, అది మగ్గం కూలిలోనే కలిసిపోతుంది. లెక్కలోకే రాని పనిలోంచి అరగంట సెలవు ఎవర్నడగాలి?