చిన్న విమానంలో ఫ్రాన్సుకు: వాసన లేని ఒక వాయువు

ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు నడుమనున్న సముద్రం డోవరు వద్ద సుమారు 33 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే. విజయవాడ నుండి గుంటూరుకు వెళ్ళినంత దూరం. దక్షిణ ఇంగ్లండులో చిన్న విమానాలు నడిపేవారు వాతావరణం అనుకూలించిన రోజున ఆ నీటిని దాటి, ఫ్రాన్సు తీరంలోని లె టూకే పట్టణంలో మధ్యాహ్న భోజనం చేసి, సాయంత్రానికి ఇల్లు చేరడం చిరకాలంగా ఉన్న అలవాటు. వైద్య కళాశాలలో నా సహాధ్యాయి ఒకడు అక్కడ మత్తు వైద్యుడిగా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నాడు. మార్చి నెలాఖరున వాడు నన్ను కెంట్ ప్రాంతంలోని లిడ్ విమానాశ్రయం నుండి అలా తీసుకువెళ్ళాడు.

ప్రయాణం చిన్నదే కాని సన్నాహం చిన్నది కాదు. పాస్‌పోర్టులు, నా షెంగెన్ వీసా, రెండు దేశాల సరిహద్దు అధికారులకూ ముందుగా పంపవలసిన సమాచారం, ప్రయాణ మార్గ పత్రం. అవన్నీ ముగిశాక వాడు తనను తాను పరీక్షించుకున్నాడు. జబ్బు, మందులు, మనోవ్యథ, మద్యం, అలసట, ఆకలి అని వేళ్ళమీద లెక్కపెట్టి, ఒక్కొక్కదానికీ లేదని చెప్పుకున్నాడు. రోగికి మత్తు ఇచ్చే ముందు ఇలా లెక్కించుకొనే వైద్యులను నేను చూశాను. తమను గురించి లెక్కించుకొనేవారిని మాత్రం అరుదుగా చూశాను.

ఒకే ఇంజను, నాలుగు ఆసనాలు. ఇద్దరమూ లైఫ్ జాకెట్లు తొడుక్కొనే కూర్చున్నాము. వాటిలో విమానం లోపల ఉండగా గాలి నింపకూడదు. నీరు లోపలికి వస్తే మనిషి పైకప్పుకు తేలి తలుపు చేరుకోలేడు. నాలుగు వేల అడుగుల ఎత్తున ఇంజను ఆగితే అటువంటి విమానం సుమారు 11 కిలోమీటర్లు జారుతూ పోగలదు. కనుక నడిమధ్యన మూడు, నాలుగు నిమిషాలపాటు ఏ ఒడ్డూ అందదు. ఆ ఋతువులో అక్కడి నీటి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. అంత చల్లని నీటిలో పడినవారు తొలి నిమిషంలో అదుపు లేకుండా ఎగశ్వాస తీస్తారు. చాలామంది చలికి కాక ఆ శ్వాసతో నీరు మింగి పోతారు. ఇదంతా నాకు ముందే తెలుసును కాబట్టి ఆ నాలుగు నిమిషాలూ గడియారమే చూస్తూ కూర్చున్నాను.

ఈ సముద్రాన్ని గాలిలో మొట్టమొదట దాటిన ఇద్దరిలో ఒకరు వైద్యుడేనని చెప్పుకోవడం నాకు సరదా. 1785 జనవరి 7న డాక్టర్ జాన్ జెఫ్రీస్, బ్లాంషార్ అనే ఫ్రెంచివానితో కలిసి డోవరు నుండి బెలూనులో బయలుదేరాడు. బెలూను దిగజారిపోతుంటే బరువు తగ్గించడానికి సామానులన్నీ, ఆపై ఒంటిమీది దుస్తులు కూడా సముద్రంలోకి విసిరేశారు. చివరకు మూత్ర విసర్జనతో కూడా కొన్ని పౌన్ల బరువు తగ్గించుకున్నామని ఆ వైద్యుడు నిస్సంకోచంగా రాసుకున్నాడు.

లె టూకేలో చేపల పులుసు వంటి చిక్కని సూపు తాగాము. మిత్రుడు ద్రాక్షసారాయం ముట్టలేదు. ఇంగ్లండులో కారు నడిపేవారికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల వరకు మద్యం అనుమతిస్తారు. విమానం నడిపేవారికి 20 మాత్రమే.

తిరుగు ప్రయాణంలో మబ్బు పట్టింది. ప్రతి వెయ్యి అడుగులకు సుమారు రెండు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది గదా, నాకు వణుకు పుట్టింది. నా కోరికపై వాడు హీటరు తిప్పాడు. కొద్దిసేపటికి ఎదుట అమర్చిన చిన్న పరికరంలో సున్నా కాస్తా 20 అయింది, తరువాత 50 దాటి కూత పెట్టింది.

ఇటువంటి విమానాలలో హీటరుకు వేరే పొయ్యి ఉండదు. ఇంజను పొగ పోయే సైలెన్సరు చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది. వాటి మధ్యగా ప్రవహించి వేడెక్కిన గాలే మన కాళ్ళ వద్దకు వస్తుంది. సైలెన్సరులో వెంట్రుకవాసి చీలిక ఏర్పడితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. హీమోగ్లోబిన్‌ను పట్టుకోవడంలో అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలమైనది. 2019 జనవరి 21న ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఎమిలియానో సాలా ప్రయాణించిన చిన్న విమానం ఇదే సముద్రంలో కూలింది. ఆయన రక్తంలో కార్బాక్సీ హీమోగ్లోబిన్ 58 శాతం ఉన్నట్లు దర్యాప్తులో తేలింది. విమానం నడిపిన వ్యక్తి ఆచూకీ దొరకలేదు.

వాడు హీటరు కట్టేసి, బయటి గాలి ద్వారాలన్నీ తెరిచాడు. అంకె 10కి దిగింది. ఎదురుగా ఇంగ్లండు తీరం లీలగా కనిపిస్తోంది.

"ఇంకెంతసేపురా, వెళ్ళిపోదాం" అన్నాను.

"నాకు తలనొప్పిగా ఉంది. ఈ తలతో వేసిన లెక్కను నేను నమ్మను" అని రేడియోలో చెప్పి, విమానాన్ని వెనుకకు తిప్పాడు. లె టూకేలోనే దిగాము. అగ్నిమాపక సిబ్బంది ఇద్దరికీ ప్రాణవాయువు పట్టారు. మరునాడు మెకానిక్కు సైలెన్సరు అతుకు వద్ద చీలికను చూపించాడు. నా చిటికెనవేలి గోరంత పొడవు కూడా లేదు. మేము కలే నుండి ఓడలో ఇంగ్లండు చేరాము.

మనలో ఎక్కువమందికి విమానం తోలే అవసరం ఉండదు. అయితే తలుపు, కిటికీ బిగించిన స్నానాలగదిలో గ్యాస్ గీజరు, చలిరాత్రి మూసిన గదిలో బొగ్గుల కుంపటి, దుకాణం లోపల నడిచే జనరేటరు కూడా ఈ వాయువునే వెలువరిస్తాయి. ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు, తల తిరుగుడు వచ్చి, జ్వరం లేకపోతే, ఆహారం వికటించిందని అనుకొనే ముందు ఏది మండుతున్నదో చూడాలి. మంట ఆర్పి, అందరూ ఆరుబయటికి రావాలి. వేలికి తొడిగే ఆక్సీమీటరును ఇక్కడ నమ్మడానికి వీలులేదు; విషవాయువు పట్టిన హీమోగ్లోబిన్‌ను కూడా అది మంచిదానిగానే లెక్కించి 98 అని చూపగలదు. రక్తంలో ఈ విషం సగానికి తగ్గడానికి మామూలు గాలిలో నాలుగైదు గంటలు పడుతుంది, స్వచ్ఛమైన ప్రాణవాయువు ఇస్తే గంట, గంటన్నర. అందుకే ఆసుపత్రికి వెళ్ళడంలో ఆలస్యం కూడదు.

తిరిగి వచ్చిన వారంలోనే మా చెల్లెలి ఇంట స్నానాలగదిలోని గ్యాస్ గీజరును బయటి వసారా గోడకు మార్పించాను. వేడినీళ్ళు రావడం ఆలస్యమవుతోందని ఆమె ఇప్పటికీ సణుగుతూనే ఉంది.