ఆగితే ఇల్లు.. కదిలితే లారీ!

న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్ చూడాలంటే రోజుకో హోటల్ వెతుక్కోవక్కర్లేదు. మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుంటే వంటిల్లు, మంచాలు, టాయిలెట్ అన్నీ మనతోనే వస్తాయి. క్రైస్ట్‌చర్చ్‌లో ఎక్కి టెకపో సరస్సు, లిండిస్ పాస్, క్వీన్స్‌టౌన్, టె అనౌ మీదుగా మిల్‌ఫర్డ్ సౌండ్ దాకా వెళ్లడం అందరికీ ఇష్టమైన రూటు. పైగా మన దగ్గరలాగే ఎడమ వైపు డ్రైవింగ్. కారు లైసెన్స్‌తోనే 6,000 కిలోల దాకా బరువున్న బండి నడపొచ్చు. అందుకే అక్కడ చదువుకునేవాళ్లు, ఇండియా నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకున్నవాళ్లు ధైర్యంగా తాళాలు తీసుకుంటారు.

అయితే ఒక్క మాట. అంత పెద్ద బండిలో ఎంత సామానైనా పడుతుంది. కానీ పట్టడం వేరు, మోయడం వేరు.

ఎంత మోస్తుంది?

బండి, మనుషులు, సామాను అంతా కలిపి దాటకూడని బరువు ఒకటుంటుంది. దాన్ని జీవీఎం అంటారు. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలిందే మన వాటా.

ఉదాహరణకి జీవీఎం 3,500 కిలోలు, ఖాళీ బండి 2,950 అనుకుందాం. మన వాటా 550. నలుగురు పెద్దవాళ్లు, మనిషికి 70 చొప్పున 280. ట్యాంకులో 100 లీటర్ల నీళ్లు, అంటే 100 కిలోలు. గ్యాస్ సిలిండర్ ఓ 20. బ్యాగులు తలా 20 చొప్పున 80. ఇక మిగిలింది 70 కిలోలే! బియ్యం, కుక్కర్, దుప్పట్లు, మడత కుర్చీలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఖాళీ బరువులో డీజిల్‌, డ్రైవర్‌ని కలిపారో లేదో కూడా అడగండి. కలపకపోతే ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది.

'నీళ్లు వాడేస్తే తగ్గిపోతాయిగా' అనుకోవద్దు. స్నానం చేసినవి, గిన్నెలు కడిగినవి ఇంకో ట్యాంకులోకి చేరతాయి. డంప్ స్టేషన్‌లో వదిలేదాకా ఆ బరువు బండి మీదే ఉంటుంది.

ఎక్కడ పెట్టారు?

మొత్తం బరువు సరిపోయినా గండం తప్పినట్టు కాదు. ముందు, వెనక ఇరుసులకి విడివిడిగా పరిమితి ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య 4 మీటర్లున్న బండిలో, వెనక ఇరుసుకి మీటరున్నర వెనకాల 50 కిలోలు పెట్టారనుకోండి. వెనక ఇరుసు మీద దాదాపు 69 కిలోలు పడతాయి. ముందు ఇరుసు మీద 19 తగ్గుతాయి. స్టీరింగ్ తిప్పేది ముందు చక్రాలే కదా, వాటికే పట్టు తగ్గుతుంది. అందుకే బరువైనవి కింద, ఇరుసుల మధ్యలో పెట్టాలి. పై అరల్లో బట్టలు, బ్రెడ్ లాంటివి చాలు.

ఇదంతా ఘాట్‌లో తెలుస్తుంది. లిండిస్ పాస్ 971 మీటర్ల ఎత్తు. టె అనౌ దాటాక వచ్చే హోమర్ టనెల్ లోపలే మిల్‌ఫర్డ్ వైపు పల్లం. బయటికొచ్చాకా మలుపుల దిగుడే. బరువెక్కువైన బండిని బ్రేకుల మీదే దించితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. దిగుడు మొదలవక ముందే తక్కువ గేర్‌లోకి రావాలి. 3,500 కిలోలు దాటిన బండికి హైవే మీద కూడా గంటకు 90 కిలోమీటర్లే పరిమితి. మే నుంచి నవంబర్ మధ్య మిల్‌ఫర్డ్ రోడ్డెక్కితే టైర్ చెయిన్లు వెంట ఉండాలి. వాటి బరువూ లెక్కలో వేసుకోండి.

కాటా వేయించండి

అనుమానముంటే రైస్‌మిల్లు దగ్గర ధాన్యం లారీని తూచినట్టే, అక్కడా వేబ్రిడ్జి మీద తూచుకోవచ్చు. అందరూ ఎక్కి, ట్యాంకులు నింపాకే తూచాలి. ముందు మొత్తం బండి, తర్వాత వెనక చక్రాలు మాత్రమే.

తాళం తిప్పే ముందు

* పడకలు ఎన్నో కాదు, సీటుబెల్టులు ఎన్నో చూడండి. బండి కదులుతుంటే మంచం మీద ఎవరూ ఉండకూడదు.
* టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. టైరు మీది తేదీ కోడ్‌లో 2321 అని ఉంటే, 2021లో 23వ వారం తయారైందని అర్థం.
* గ్యాస్ కట్టేయండి. ఫ్రిజ్, అరల తలుపులు లాక్ చేయండి.
* పైకప్పు కిటికీ మూసి, మెట్టు లోపలికి తోసి, కరెంటు వైరు పీకారో లేదో బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి.
* బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాసి డ్రైవర్ ఎదురుగా అంటించండి.

ఇంకా బరువెక్కువ ఉంటే ముందు నీళ్లు తగ్గించండి. రాత్రి ఆగే క్యాంప్‌లో నీళ్లు దొరుకుతాయనుకుంటే సగం ట్యాంకుతో బయల్దేరినా చాలు. పైన చెప్పిన బండిలో ఒక్క దెబ్బతో 50 కిలోలు తగ్గినట్టే. అమ్మ కుక్కర్ ఇంట్లో వదిలేయక్కర్లేదు!