చిరునామా మిగిలింది

ఉద్యోగరీత్యా పాతికేళ్లు యూనిక్స్ కంప్యూటర్ల మధ్య గడిపినవాణ్ని. అయినా మా అమ్మ పాటలు పోగొట్టుకున్నాను. ఎలాగో చెబితే మీలో ఒకరికైనా ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేము మూడు తరాలుగా బరంపురంలో ఉంటున్నాం. పేరంటాల్లో, పెళ్లిళ్లలో అమ్మ పాడిన మంగళహారతులు, అప్పగింతల పాటలు మొత్తం 46 నాన్నగారు క్యాసెట్లలో రికార్డు చేసి ఉంచారు. 2012లో వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాను. బూజు పట్టిన క్యాసెట్లను పారేశాం. కొన్నాళ్లకు డిస్కు నిండిపోతే పాటల ఫోల్డరును రెండో డిస్కుకు మార్చి, పాత చోట ఒక సింబాలిక్ లింకు పెట్టాను.

సింబాలిక్ లింకు అంటే, ఇల్లు మారినవారు పాత ఇంటి తలుపుకు తగిలించే చీటీ లాంటిది. కొత్త చిరునామా తప్ప అందులో ఇంకేమీ ఉండదు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో ఈ సౌకర్యం ఉంది. వాడేవారికి తేడా తెలియదు. పాట నొక్కితే పాట వస్తుంది.

ప్రతి నెలా 'టార్'తో నా హోమ్ డైరెక్టరీని బ్యాకప్ తీసేవాణ్ని. టార్ మామూలుగా లింకును లింకుగానే దాస్తుంది, అది చూపే చోటికి వెళ్లదు. పరీక్ష కూడా చేశాను. అదే కంప్యూటర్లో మరో ఫోల్డరులోకి బ్యాకప్‌ను విప్పి వింటే అమ్మ గొంతు వినిపించింది. నిశ్చింతగా ఉన్నాను. నిజానికి ఆ పాట వచ్చింది బ్యాకప్‌లోంచి కాదు, లింకు చూపిన రెండో డిస్కులోంచి!

2021లో పిడుగు పడి కంప్యూటరు, రెండు డిస్కులూ పోయాయి. కొత్తదాంట్లో బ్యాకప్‌ను విప్పితే ఫోల్డరు పేరు కనిపించింది, తెరవబోతే అలాంటిదేమీ లేదంది. లింకు పరిమాణం 11 బైట్లు. చిరునామాలో అన్ని అక్షరాలే ఉన్నాయి మరి.

విజయనగరంలో ఉన్న అక్కయ్యకు ఫోను చేసి చెప్పాను. "ఊరుకోరా, నువ్వు ఎప్పుడో ఇచ్చిన సీడీ నా బీరువాలో ఉంది" అంది. అందులో 19 పాటలు దొరికాయి.

ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. ముందు 'ఫైండ్'తో లింకులన్నీ ఎక్కడున్నాయో జాబితా తీస్తాను. లింకును లింకుగానే ఉంచి, అది చూపే అసలు ఫోల్డరును కూడా బ్యాకప్‌లో చేరుస్తాను. టార్‌కు 'హెచ్' గుర్తు ఇస్తే లింకు బదులు అసలు వస్తువే వస్తుంది గానీ, తిరిగి విప్పినప్పుడు అక్కడ లింకు ఉండదు, మామూలు ఫోల్డరే ఉంటుంది. ఒకే చోటికి నాలుగు లింకులుంటే ఫోల్డరు నాలుగుసార్లు చేరి చోటు తినేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, పరీక్ష వేరే కంప్యూటర్లో చేయాలి.

మిగిలిన 27 పాటలకు పేర్లయినా ఎక్కడా రాసి పెట్టుకోలేదు. అక్కయ్య ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని ఫోనులో పాడుతోంది. మా ఆవిడ నోటుపుస్తకంలో రాసుకుంటోంది.