బల్లకు అవతలి వైపు

మా హాస్టల్లో చదరంగం బల్ల ఒక్కటే ఉంది. అందులో నల్ల గుర్రం ఒకటి ఎప్పుడో పోయింది. దాని బదులు దగ్గుమందు సీసా మూత పెట్టి ఆడతాం. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం ఆ మూతను చూసి నవ్వుతారు. రెండో వారం నుంచి వాళ్ళూ దాన్ని గుర్రమనే అంటారు. ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెను గారు అడిగినప్పుడు మాకు తోచింది ఆ బల్ల గురించే.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మాలో ఎక్కువ మందికి ఇష్టమైనవి కబడ్డీ, వాలీబాల్. కాలేజీలో చేరిన అన్నలు కొందరు బాస్కెట్‌బాల్ ఆడతారు. 2015లో పంజాబ్ కుర్రాడు సత్‌నామ్ సింగ్‌ను అమెరికా జట్టు డల్లాస్ మావెరిక్స్ ఎంచుకున్నదని ఒక అన్న చెప్పినప్పుడు నోరు తెరుచుకుని విన్నాం. ఆయన ఎత్తు ఏడడుగుల పైమాటే. మాకు అంత పొడవూ లేదు, కోర్టూ లేదు. చదరంగానికైతే ఏం కావాలి, బల్లా బుర్రా ఉంటే చాలు గదా అనుకున్నాం. అది తప్పని కోనేరు హంపి గురించి తెలుసుకున్నాక అర్థమైంది.

హంపి 1987 మార్చి 31న మన గుడివాడలో పుట్టింది. బందరులో విజయవాడ రైలెక్కితే పెడన, గుడ్లవల్లేరు దాటాక వచ్చే గుడివాడే. ఆమె తండ్రి కోనేరు అశోక్ గారు తానూ చదరంగం ఆటగాడే. ‘ఛాంపియన్’ అనే మాటలోంచి తీసి కూతురికి హంపి అని పేరు పెట్టారు. ఆయన కెమిస్ట్రీ లెక్చరరు. కూతురి చేతిలో ఆట ఉన్నదని గుర్తించి, ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి, తానే కోచ్‌గా కూర్చున్నారు.

తరువాత జరిగింది అందరికీ తెలిసిందే. 1997లో పదేళ్ళలోపు బాలికల ప్రపంచ టైటిలు, 1998లో పన్నెండేళ్ళలోపు, 2000లో పద్నాలుగేళ్ళలోపు, 2001లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిలు. 2002లో 15 ఏళ్ళ 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన అమ్మాయి మరొకరు లేరు. హంగరీకి చెందిన జూడిట్ పోల్గార్ 1991లో నెలకొల్పిన రికార్డును మూడు నెలల తేడాతో దాటింది. ఆ జూడిట్‌ను కూడా తండ్రే ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించాడట. ప్రతిభ గల పిల్ల అనగానే మనం పిల్లనే చూస్తాం. బల్లకు అవతలి వైపు రోజూ ఎవరు కూర్చున్నారో చూడం.

ఇది చదివిన రాత్రి మా గదిలో పెద్ద వాదన జరిగింది. మా నాన్నల్లో ఒకరు నాగాయలంక వైపు రొయ్యల చెరువు మీద కాపలా ఉంటారు. ఒకరు కోడూరు పొలాల్లో కూలికి వెళతారు. ఒకరు గుడివాడలో బియ్యం బస్తాలు మోస్తారు. రాజీనామా చెయ్యాలంటే ముందు ఉద్యోగం ఉండాలి గదా! మా నాన్న ఒక్కరోజు పని మానితే ఆ రోజు పొయ్యి వెలగదు. కాబట్టి హంపి కథ చదవడానికి బాగుంటుంది గానీ మనకు పనికిరాదు అని కొందరన్నారు. కాదని గట్టిగా చెప్పడానికి మా దగ్గర మాట లేకపోయింది.

ఆ మాట మా తమ్ముడొకడి వల్ల దొరికింది. వాడిది దివిసీమ, ఎనిమిదో తరగతి. ఎవరూ నేర్పకుండానే పెద్దవాళ్ళ భుజాల మీదుగా చూసి ఆట నేర్చుకున్నాడు. 2024 నవంబరులో ఒక పోటీ ఉన్నదని తెలిసి, మేమంతా కాస్మెటిక్ చార్జీల్లో మిగుల్చుకున్న డబ్బులు పోగుచేసి ఎంట్రీ ఫీజు కట్టాం. ఆరు ఆటలు. వాడు మొదటి మూడూ ఓడిపోయాడు. చదరంగం గడియారం వాడు అంతకుముందు చూడనేలేదు. ఎత్తు వేశాక బటన్ నొక్కాలని మర్చిపోయేవాడు. వాడు ఆలోచించకపోయినా వాడి టైము కరిగిపోయేది. తిరిగొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు ఎంట్రీ ఫీజు తిరిగి ఇచ్చేస్తానని, సంక్రాంతి సెలవుల్లో నాన్నతో చెరువు మీదకు వెళతానని, మళ్ళీ బల్ల ముట్టుకోనని అన్నాడు.

డిసెంబరు చివర పేపర్లో వార్త వచ్చింది. న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీల్లో హంపి మహిళల ఛాంపియన్ అయింది. పదకొండు ఆటల్లో ఎనిమిదిన్నర పాయింట్లు. మేం వాడికి చదివి వినిపించింది ఆ గెలుపును కాదు. ఆ పోటీలో ఆమె మొట్టమొదటి ఆటే కజకిస్తాన్ అమ్మాయి అమీనా కైర్బెకోవా చేతిలో ఓడిపోయింది. అప్పటికి హంపి వయసు 37, గ్రాండ్‌మాస్టర్ అయి 22 ఏళ్ళు. ఓడిపోయి, రెండో ఆటకు వెళ్ళి కూర్చుంది.

వెనక్కి వెళ్ళి చూస్తే ఆమె జీవితమంతా ఇలాగే ఉంది. 2011లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం అల్బేనియాలో చైనా అమ్మాయి హౌ యిఫాన్‌తో ఆడి, ఒక్క ఆటా గెలవకుండా ఓడింది. 2017లో తల్లి అయింది. రెండేళ్ళు పోటీలకు దూరంగా ఉండి, 2018 ఒలింపియాడ్‌తో తిరిగి వచ్చింది. ఇక ఆమె పని అయిపోయిందని అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. 2019 డిసెంబరులో మాస్కోలో మొదటిసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిలు గెలిచింది. 2023లో అదే టైటిలు టైబ్రేక్‌లో చేజారింది. మరుసటి ఏడాదే గెలుచుకుంది. 2025 జూలైలో ప్రపంచ కప్ ఫైనల్లో 19 ఏళ్ళ దివ్య దేశ్‌ముఖ్ చేతిలో మళ్ళీ ఓడింది. చిన్నప్పటి పతకాలు ఆమె తెలివిని చెబితే, పెద్దయ్యాక చూసిన ఈ ఓటములు ఆమె గుణాన్ని చెబుతాయి.

పోటీల్లో ఆడేవాళ్ళు తమ ఎత్తులు కాగితం మీద రాసుకోవాలి. మా తమ్ముడి పెట్టె అడుగున ఆ కాగితాలు మడతపెట్టి ఉన్నాయి. వాడు పారెయ్యలేదు! ఆ రాత్రి వాటిని తీసి, ఓడిన ఆటలను ఒక్కొక్క ఎత్తే వేసి చూశాం. మేం వాడికంటే గొప్ప ఆటగాళ్ళం కాదు. అయినా నలుగురం కలిసి చూస్తే రెండో ఆటలో ఏనుగు ఊరికే ఎక్కడ పోయిందో కనబడింది. వాడే ముందు నవ్వాడు. అప్పటి నుంచి స్టడీ అవర్ అయ్యాక అరగంట, వంతులు వేసుకుని వాడికి ఎదురుగా కూర్చుంటున్నాం. గడియారం లేదు కాబట్టి ఒకడు వాచీ పట్టుకుని పక్కన కూర్చుంటాడు, ఎత్తు వేసినప్పుడల్లా వాడి మోకాలి మీద తట్టాలి. రెండో పోటీలో వాడు ఆరింటిలో మూడు గెలిచాడు. బటన్ నొక్కడం ఒక్కసారీ మర్చిపోలేదు.

వాడి నాన్న ఒకసారి చూడ్డానికి వచ్చి మమ్మల్ని సూటిగా అడిగారు, ‘దీనివల్ల రేపు వీడికి అన్నం పుడుతుందా బాబూ?’ అని. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. హంపికి ఓఎన్‌జీసీ ఉద్యోగం ఇచ్చింది, న్యూయార్క్‌లో బహుమతి 60,000 డాలర్లు వచ్చింది, కానీ అంత దూరం వెళ్ళేవాళ్ళు లక్షల్లో ఒక్కరు. ‘పుట్టకపోవచ్చు బాబాయ్. కానీ ఓడితే పారిపోడు. చదువు మాత్రం మానడు, అది మేం చూసుకుంటాం’ అన్నాం. ఆయన చాలాసేపు ఆ సీసా మూత చేతిలో పట్టుకుని తిప్పి చూశారు. సంక్రాంతికి చెరువు మీదకు కాదు, ఇంటికి రమ్మని వాడితో చెప్పి వెళ్ళారు.

ఇప్పుడు ఆ రాత్రి వాదనకు జవాబు చెప్పగలం. నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరి మాలావత్ పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె కోసం వాళ్ళు ఏ ఉద్యోగమూ వదల్లేదు, వదలడానికి లేదు. ఆమె చదివిన సాంఘిక సంక్షేమ గురుకులం పూనుకుని భువనగిరి కొండ మీద ఎక్కడం నేర్పించింది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు ఇంకా నిండకుండానే, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్‌తో కలిసి ఆమె ఎవరెస్టు ఎక్కింది. తండ్రి చెయ్యలేనిది పది మంది కలిసి చెయ్యవచ్చు. సంఘటితం కావాలని రోజూ మా హాల్లో పటంలోంచి చూసే అంబేద్కర్ గారు చెప్పింది ఇలాంటి చిన్న పనులకు కూడా వర్తిస్తుందని మాకు అనిపిస్తుంది.

ఈ హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు మాదొక మనవి. వార్షికోత్సవానికి మీరు తెచ్చే షీల్డులు, పెన్నులు మాకు సంతోషమే. వీలైతే నెలకు ఒక ఆదివారం ఒక గంట రండి. చదరంగమే అక్కర్లేదు. లెక్కలైనా, ఇంగ్లీషైనా, వాలీబాల్ సర్వీసైనా సరే. మాలో ఎవడో ఒకడికి ఎదురుగా కూర్చోండి. గుర్రం సంగతి తరువాత చూద్దాం, మూతతో ఆట బాగానే నడుస్తోంది.

– హాస్టలు విద్యార్థులు