నీళ్ల వేడి, నిమిషాల లెక్క

చెన్నైలో తాత స్టూడియో మూతపడ్డా, బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము కడగడం నాకు నేర్పారు. డెవలపర్ 20 డిగ్రీలుంటే 8 నిమిషాలు పట్టే ఫిల్ముకు, 23 డిగ్రీలైతే సుమారు 6 నిమిషాలు చాలు. వేడి పెరిగితే మందు త్వరగా పనిచేస్తుంది. వేసవిలో మా కొళాయి నీళ్లే 30 దాటతాయి. అందుకని డెవలపర్ సీసాను ఐసు నీళ్లలో పెట్టి 23కి దించాం.

ఆ రోలులో సంక్రాంతికి తీసిన అవ్వ ఫోటో ఉంది. ఇప్పుడు అవ్వ లేదు. సమయం మించితే ఆమె తెల్లజుట్టు నెగటివ్‌లో నల్లగా ముద్దకట్టి, ప్రింటులో ఉత్త తెల్లమచ్చ అవుతుంది. తగ్గితే బొమ్మంతా వెలవెలబోతుంది.

"చీర మడతలు ఫోటో తీసేటప్పుడే రావాలి. జుట్టును మాత్రం నిమిషాలే కాపాడతాయిరా" అన్నారు తాత.

గడియారం చూస్తూ ఆరో నిమిషంలో మందు ఒంపేశాను. ఆరిన నెగటివ్‌లో అవ్వ వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి. తాత దాన్ని చాలాసేపు కిందపెట్టలేదు.